ఇరవై ఏడు గుంతల గుట్ట

మా ఆఫీసు ఇరవై రెండో అంతస్తులో ఉంటుంది. మేము ప్రతి ఆదివారం ఎక్కే గుట్ట, లిఫ్టు లెక్కలో చెప్పాలంటే, పన్నెండో అంతస్తు దాకా వస్తుందేమో. అంటే వారానికి ఐదు రోజులు ఏసీలో కూర్చుని ఆ గుట్టను కిటికీలోంచి కిందికి చూస్తుంటాం. అయినా ఆదివారం తెల్లారేసరికి హిమాలయాలకు వెళ్తున్నట్టు తయారవుతాం. నా బూట్లు మంచులో కూడా జారవని డబ్బా మీద రాసి ఉంది. హైదరాబాదులో మంచు కురిసిన రోజున నిజాంపేట మొత్తంలో నిటారుగా నిలబడేది నేనొక్కదాన్నే.

మా నాయకుడు నాతోపాటే పదిహేనేళ్ల కిందట ఉద్యోగంలో చేరాడు. హోదా ఆర్కిటెక్టు. ఇళ్లు కట్టే రకం కాదు, సాఫ్టువేరు ఎలా కట్టాలో తెల్లబోర్డు మీద డబ్బాలూ బాణాలూ గీసి చెప్పే రకం. అతని తర్వాత చెప్పుకోవలసింది హెచ్చార్ ఆవిడను. ఆవిడ గుట్టెక్కేది ఫొటోల కోసం, దిగేది వాటిని స్టేటస్‌లో పెట్టుకోవడం కోసం. నాది టెస్టింగు. ఎదుటివాళ్ల పనిలో తప్పులు వెతికి ముఖం మీద చెప్పినందుకు నాకు జీతమిస్తారు. అది ఉద్యోగం కాదు, నీ స్వభావమే అంటాడు మా ఆయన. ఆయన ఆదివారాలు పది దాకా నిద్రపోతాడు కాబట్టి మా అందరిలో తెలివైనవాడు ఆయనే అనుకోవాలి. మేం ముగ్గురం కాక, వారం వారం మారుతూ ఇంకో పదిమంది వస్తుంటారు.

గుట్ట కింద ముందుగా స్టాండప్ జరుగుతుంది. ఆఫీసులో పొద్దున్నే గుండ్రంగా నిలబడి నిన్నేం చేశాం, ఇవాళేం చేస్తాం, అడ్డంకులేమున్నాయి అని ఒకరికొకరు అప్పజెప్పుకునే తంతు అది. అక్కడా అదే పాట. "నిన్న కూరగాయలు తెచ్చాను. ఇవాళ గుట్ట ఎక్కుతాను. అడ్డంకి నా మోకాలు." ఇడ్లీలు ఎవరు తేవాలి, చట్నీ ఎవరు తేవాలి అన్నదానికి ఒక షీటు ఉంది. చట్నీ తేవలసినవాడు ఒక వారం రాకపోతే, ఆ సంగతి మీద తొమ్మిది మెయిళ్లు నడిచాయి. చట్నీ మాత్రం నడిచి రాలేదు.

పైకెక్కాక కనిపించే అందమైన దృశ్యం ఏమిటయ్యా అంటే, మా ఆఫీసులే. "అదిగో, ఆ నీలం అద్దాలది మాది", "పైనుంచి నాలుగో వరస, కుడివైపు మూడో కిటికీ, అదే నా సీటు" అని వేళ్లు చూపించుకుంటాం. ఆఫీసు మరచిపోదామని వచ్చినవాళ్లం, కన్నబిడ్డను బడి వేడుకలో గుర్తుపట్టినట్టు దాన్ని గుర్తుపట్టి మురిసిపోతాం. సూర్యుడు కూడా మాకు పోటీ కంపెనీ భవనం వెనకనుంచే వస్తాడు. ఆ విషయంలో మావాళ్లకు కొంచెం మనసు కష్టంగానే ఉంటుంది.

ఇంత వెక్కిరిస్తున్నానుగానీ నాకా గుట్ట ఇష్టం. అక్కడి గాలి ఇష్టం. బండ మీద వెల్లకిలా పడుకుంటే వీపు కింద రాయి చల్లగా ఉండడం ఇష్టం. ఆ ఒక్క గంట నన్నెవరూ ఏమీ సరిచూడమని అడగరు. మిగతాదంతా ఆ గంట కోసం భరించాను.

ఇక గుంతల సంగతి. ఒక ఆదివారం మా ఆర్కిటెక్టు కాలు జారి కూలబడ్డాడు. కూలబడ్డచోట చెయ్యి ఊనితే వేలు ఒక గుంతలో దిగింది. పక్కన ఇంకో గుంత. దాని పక్కన ఇంకోటి. బొటనవేలు పట్టేంత వెడల్పుతో, జానెడు జానెడు దూరంలో, తాడు పట్టి పెట్టినట్టు తిన్నగా ఒకే వరస. లెక్కపెట్టాడు. ఇరవై ఏడు. మళ్లీ లెక్కపెట్టాడు. ఇరవై ఏడే.

"ఇరవై ఏడంటే ఏం గుర్తొస్తోంది?" అని అడిగాడు, గొంతు తగ్గించి.

"మన సెలవులు" అంది హెచ్చార్ ఆవిడ.

"నక్షత్రాలండీ! అశ్విని నుంచి రేవతి దాకా!" అన్నాడతను. ఆ ఉదయం పాపం సూర్యోదయాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

వారం తిరిగేసరికి ఆ బండ వేల ఏళ్లనాటి పంచాంగం అయిపోయింది. వరస తూర్పు పడమరలుగా లేదే అని నేను అడిగితే, అప్పటికీ ఇప్పటికీ భూమి కాస్త తిరిగిందన్నాడు. ప్రతి గుంతా ఎడమపక్కకు కొంచెం ఒరిగి ఉండేది. అది ధ్రువనక్షత్రం వైపు చూస్తోందన్నాడు. భూమి తిరిగినప్పుడు ధ్రువనక్షత్రం ఏం చేస్తోందని నేను అడగలేదు. ఆఫీసులో అడిగితే జీతమిస్తారు, ఇక్కడ ఇడ్లీ కూడా పెట్టరు.

జనం పెరిగారు. అందరూ తమ జన్మనక్షత్రపు గుంతలో వేలు పెట్టి ఫొటో దిగడం మొదలైంది. రెండో నెలకు రోహిణిలో పసుపు, స్వాతిలో కుంకుమ వచ్చాయి. మూల నక్షత్రపు గుంత అంచు పగిలి ఉందని, సంబంధాలు చూస్తున్న ఒకమ్మాయి అక్కడే కళ్లనీళ్లు పెట్టుకుంది. మావాళ్లు బండ చుట్టూ నైలాను తాడు కట్టి, "ప్రాచీన వారసత్వం, తాకరాదు" అని బోర్డు పెట్టారు. వేళ్లు పెట్టే సౌకర్యం సభ్యులకు మాత్రమే మిగిలింది. ఆ గుట్ట మీద అపార్టుమెంట్లు రాబోతున్నాయని అప్పటికే వినికిడి ఉంది. దాన్ని ఆపడానికి పిటిషన్ రాశారు. అందులో మొదటి కారణం పంచాంగం. గాలి, చెట్లు, నెమళ్లు ఆరో కారణం దగ్గర కలిపి ఒకే వాక్యంలో ఉన్నాయి.

మా అపార్టుమెంటు గేటు దగ్గర కాపలా ఉండే మనిషికి నలభై దాటి ఉంటాయి. పాలమూరు వైపునుంచి చిన్నప్పుడే తల్లిదండ్రులతో వచ్చాడు. లింగంపల్లి స్టేషను అవతల కిరాయికి ఉంటాడు. నన్ను అక్కా అంటాడు. ఒక ఆదివారం తిరిగొస్తూ, గొప్ప కోసం, ఫోనులో గుంతల ఫొటో అతనికి చూపించాను. చూసి, కారు వస్తే గేటు తీయడానికి వెళ్లిపోయాడు. సాయంత్రం నేను పాలప్యాకెట్టుకు దిగితే ఎదురొచ్చాడు.

"అక్కా, పొద్దుగాలటి ఫొటో జర మల్ల సూపియ్యుండ్రి."

చూపించాను. ఫోను దగ్గరికి తీసుకుని, రెండు వేళ్లతో పెద్దది చేసి చూశాడు.

"గిది మా నాయిన కొట్టిన వరుస అక్కా."

"నాయన కొట్టడమేంటి? అవి వేల ఏళ్లనాటివంటున్నారు."

"ఏడి వేల ఏండ్లు? నేను గాడనే మన్ను మోసిన. బండ పలగాల్నంటె ముందుగాల గిట్ల వరుసగ గుంతలు కొడ్తరు. అండ్ల ఇనుప చీలలు వెట్టి సమ్మెటతోని ఒక్కోటి దిగ్గొట్టుకుంట వోతె, బండ గా గీత వెంబడి రెండైతది. గిది పలగలేదు. మర్నాడు చీలలు దిగ్గొడ్దమని వోయేసరికి జాగ అమ్ముడువోయిందని కంచె కట్టిండ్రు. ఇగ గట్లనే ఉండిపోయింది."

"అలాంటి గుంతలు అన్ని గుట్టల మీదా ఉంటాయి కదా. ఇది మీ నాన్నదే అని ఎలా చెప్తావు?"

"మా నాయినది ఎడమ చెయ్యి. గుంత కొట్టే శానం ఒరిగి పడ్తది. ఆయన కొట్టిన గుంత ఏదన్న సూడుండ్రి, గిట్లనే పక్కకు వంగుతది. మేస్త్రీ దినాం తిట్టెటోడు."

ధ్రువనక్షత్రం గాలి అక్కడితో పోయింది. నాకు నవ్వొచ్చింది. నవ్వాను కూడా. అతను నవ్వలేదు.

వాళ్ల నాన్నకు ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము పట్టిందని దవాఖానలో చెప్పారట. నాలుగడుగులు వేస్తే కూర్చోవాలి. నలభై ఏళ్లు కొట్టిన రాయంతా లారీలెక్కి పోయింది. ఎవరి లాబీలో ఉందో, ఎవరి మెట్లయిందో ఆయనకు తెలియదు. చేసిన పనిలో చూపించుకోవడానికి మిగిలింది ఆ పలగని బండ ఒక్కటే. మధ్యాహ్నం కొడుకు ఫోనులో చెప్పినప్పటినుంచీ దాన్ని ఒకసారి చూస్తానని పోరుతున్నాడట.

"గాడ తాడు కట్టిండ్రంట గద. మీరుంటె రానిస్తరు. నేను వీపు మీద ఏస్కొని తీస్కొస్త. ఇంకొక్క మాట అక్కా. గిది ఈయన కొట్టిండని మీ సారోళ్లకు చెప్పుండ్రి. ఆయన ముంగట చెప్పుండ్రి. గంతే."

"అదెంత పని! నేను చెప్తాను. నువ్వేం ఫికర్ చెయ్యకు" అన్నాను. ఫికర్ అనే మాట వాడగానే ఎదుటివాళ్లకు మన మీద నమ్మకం కలుగుతుందని నాకు ఈ ఊరొచ్చిన కొత్తలోనే అర్థమైంది.

శుక్రవారం క్యాంటీనులో మా ఆర్కిటెక్టును పట్టుకున్నాను. ఆ ఆదివారం గుట్ట మీద అతను పంచాంగం గురించి ఉపన్యాసం ఇవ్వబోతున్నాడు, ముందే చెప్పేస్తే అక్కడ గొడవ ఉండదని నా ఆలోచన. అతన్ని అంతకు నెల కిందటే ప్రాజెక్టు నుంచి తప్పించారు. సీటుంది, జీతముంది, పనిలేదు. అతని డబ్బాలూ బాణాలూ ఇప్పుడు అతనికన్నా పన్నెండేళ్లు చిన్నవాడొకడు గీస్తున్నాడు. మీటింగుల్లో అతను నోరు తెరిస్తే అందరూ ల్యాప్‌టాప్‌లోకి చూస్తారు. నేనూ చూస్తాను. ఆ రోజు అతను నాకు ఆదివారం కోసం చేసిన స్లైడ్లు చూపించాడు. నలభై రెండు. ఒక్కో నక్షత్రానికి ఒక్కో స్లైడు, ధ్రువనక్షత్రానికి మూడు, మిగతావి పిటిషన్‌కు. మొదటి ఉద్యోగంలో చేరిన రోజు ఎలా ఉన్నాడో అలా ఉంది ముఖం.

"ఎలా ఉంది? నిజం చెప్పండి. మీరైతే మొహమాటపడరు" అన్నాడు.

"అక్షరాలు కొంచెం పెద్దవి చేయండి" అన్నాను.

ఆదివారం ముప్పైమంది దాకా వచ్చారు. పిటిషన్‌కు సాయం చేస్తానన్న ఒక పెద్దమనిషి కూడా వచ్చాడు. పాతనాణేలు సేకరిస్తాడట, కాబట్టి చరిత్ర తెలిసినవాడే అని మావాళ్ల నమ్మకం. స్టాండప్ అయ్యాక బయల్దేరాం. సగం దూరంలో కాపలా అతను తండ్రిని వీపున వేసుకుని మాకంటే ముందుకు వెళ్లిపోయాడు. కాళ్లకు మామూలు రబ్బరు చెప్పులు. మంచులో జారే రకం. తండ్రి చెప్పులు దారిలో జారిపడితే నేను తీసి పట్టుకున్నాను.

పైన మావాళ్లు ముసలాయనకు చప్పట్లతో స్వాగతం చెప్పారు. "ఈ వయసులో ఈ ఉత్సాహం చూడండి!" అన్నాడు ఆర్కిటెక్టు. ఆయన ఎక్కలేదు, ఎక్కించుకొచ్చారు అన్నది ఎవరి దృష్టికీ రాలేదు. హెచ్చార్ ఆవిడ ఫొటో తీసి "వయసు ఒక అంకె మాత్రమే" అని అప్పుడే పెట్టేసింది. ముసలాయన తాడు అవతల గొంతుక్కూర్చుని, ఆయాసం తీరేదాకా బండ వైపే చూస్తూ ఉండిపోయాడు. ఊపిరి తీస్తుంటే ఈల వినబడేది.

ఉపన్యాసం మొదలైంది. ముసలాయన శ్రద్ధగా విన్నాడు, ముప్పైమందిలో ఫోను చూడకుండా విన్నది ఆయనొక్కడే. గుంతలు ఎందుకు ఒరిగి ఉన్నాయో ఆర్కిటెక్టు ఆకాశం చూపిస్తూ చెబుతుంటే, ఆయన ఎడమచెయ్యి లేని సుత్తి చుట్టూ దానంతటదే బిగిసింది. కుడిచేత్తో లేని శానాన్ని పట్టుకుని, పక్కకు వంచి, తాడు కిందనుంచి మొదటి గుంత అంచుకు ఆనించాడు. సరిగ్గా అదే వాలు. "తాతా, తాకకూడదు" అని ఎవరో మెల్లగా అన్నారు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

కొడుకు నా వైపు చూశాడు. నేను సీసా మూత తీసి నీళ్లు తాగాను. దాహం లేదు.

చివర్లో అందరితో కలిసి లెక్కపెట్టించాడు ఆర్కిటెక్టు. ఇరవై ఐదు, ఇరవై ఆరు, ఇరవై ఏడు!

"ఇరవై ఎనిమిది సారూ" అన్నాడు ముసలాయన.

ఒకరిద్దరు మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

"ఆకరిది మట్టిల కలిసింది. గా తుమ్మమొక్క కాడ సూడుండ్రి. చీల గూడ అండ్లనే ఉండాలె. దిగ్గొట్టి సూద్దమని ఒక్కటి వెట్టిన."

చివరి మాట ఎవరూ సరిగ్గా వినలేదు. అప్పటికే కొడుకు మొక్క దగ్గర కూర్చుని ఇంటి తాళంచెవితో మట్టి గీకుతున్నాడు. జానెడు దూరంలో ఇరవై ఎనిమిదో గుంత బయటపడింది. అందులో తుప్పుపట్టిన ఇనుప చీల.

ఆర్కిటెక్టు ముఖం చూశాను. నలభై రెండు స్లైడ్లూ ఒక్కసారిగా కూలినవాడి ముఖం. అతను కూడా నా వైపే చూశాడు. ఒక పక్కనుంచి కొడుకు, ఇంకో పక్కనుంచి ఇతను. నేను చెప్పవలసింది ఒకే ఒక్క వాక్యం, పదిహేనేళ్లుగా రోజుకు ఇరవైసార్లు చెప్పే రకం వాక్యం.

"అభిజిత్!" అని అరిచాడు నాణేల పెద్దమనిషి. "ఇరవై ఎనిమిదో నక్షత్రం! పూర్వం లెక్కలో ఉండేది, తర్వాత తీసేశారు!"

చప్పట్లు మోగాయి. అభిజిత్ ఉత్తరాషాఢకూ శ్రవణానికీ మధ్యలో కదా ఉండాలి అని వెనకనుంచి ఎవరో గొణిగారు. "అందుకేగా చివర మట్టిలో దాచారు!" అన్నాడు ఆర్కిటెక్టు. ముఖంలోకి రంగు మళ్లీ వచ్చేసింది. అతను మోకాళ్ల మీద కూర్చుని, ముసలాయన రెండు చేతులూ పట్టుకున్నాడు. నిజంగానే కళ్లలో నీళ్లున్నాయి.

"తాతగారూ, మీకెలా తెలిసిందండీ ఇది?"

అడగవలసిన ప్రశ్నే అడిగాడు. ముసలాయన నోరు తెరవబోయాడు, దగ్గొచ్చింది. దగ్గు మధ్యలో కొడుకు వైపు చూశాడు. కొడుకు నా వైపు చూశాడు. చెప్పుండ్రి అన్నట్టు తల కొంచెం ఆడించాడు.

"వీళ్లు చిన్నప్పటినుంచీ ఈ గుట్ట కిందే ఉండేవాళ్లట" అన్నాను. "ఇక్కడ గొర్రెలు కాసేవారట."

అలా అన్నది గుట్టను కాపాడడం కోసమేనని కొన్నాళ్లు నాకు నేను చెప్పుకున్నాను. ఆర్కిటెక్టు మీద జాలి అని ఇంకొన్నాళ్లు చెప్పుకున్నాను. రెండూ అబద్ధం. ముప్పైమంది సంతోషంగా ఉన్నచోట నేనొక్కదాన్నే చెడ్డదాన్ని కావడం నాకు ఇష్టంలేకపోయింది. నాకు సిగ్గుగా ఉంది, ఇది రాస్తున్నప్పుడు కూడా.

ఆ తర్వాత అంతా మహా గౌరవంగా జరిగింది. స్థానికుల జ్ఞాపకశక్తి గురించి ఆర్కిటెక్టు నాలుగు మాటలు మాట్లాడాడు. ముసలాయనను మధ్యలో కూర్చోబెట్టి ఫొటో తీశారు. గొర్రెల కాపరి అని తెలిశాక భుజాన గొంగడి ఉంటే బాగుండేదని హెచ్చార్ ఆవిడ బాధపడింది. ముసలాయన చీల వైపు చెయ్యి చాచాడు. ఆర్కిటెక్టు దాన్ని అప్పటికే ఇడ్లీల జిప్పుకవరులో పెట్టేశాడు. "ఇది ఇప్పుడు మనందరిదీ తాతగారూ" అన్నాడు ప్రేమగా.

దిగేటప్పుడు కొడుకు వీపు మీద ఆయన, వెనకాల ఆయన చెప్పులు పట్టుకుని నేను. కొడుకు ఒక్కసారీ తల తిప్పలేదు. ముసలాయనే మెడ తిప్పి, ఈల ఊపిరి మధ్య ఒక్కో మాటా కూడబలుక్కుని అన్నాడు.

"మంచిగ జేసినవ్ బిడ్డా, గొర్లు కాసినమని చెప్పి. మేం కొట్టినమంటే గింతమంది సూడనీకి వస్తరా?"

వెటకారం నాకు ఆమడ దూరం నుంచే తెలుస్తుంది. ఆయన మాటలో వెతికాను. లేదు.

ఆ చీల ఇప్పుడు మా ఆఫీసు రిసెప్షన్‌లో గాజుపెట్టెలో ఉంది. దాని కింద పెట్టే చీటీ ఆర్కిటెక్టే రాశాడు: "ప్రాచీన ఇనుప చీల. అభిజిత్ నక్షత్ర స్థానంలో లభించినది. చూపించినవారు: స్థానిక గొర్రెల కాపరి." అచ్చుకు ఇచ్చేముందు తప్పులేమైనా ఉన్నాయేమో చూడమని నాకే పంపాడు. రెండుసార్లు చదివాను. ఒకచోట చుక్క తీసి కామా పెట్టి, మిగతాదంతా సరిగ్గానే ఉందని జవాబు రాశాను.